ఉచ్చు

నెరబైలు దాటినాక జీపు ఆగిపోయింది.
ఆ పైన దారి లేదు, గురవయ్య ఉన్నాడు.

ఉగాది వెళ్ళి వారం.
కొండ ఆకంతా రాల్చి ఒళ్ళారబెట్టుకుంటోంది.
మోదుగ కొమ్మన ఆఖరి ఎరుపు.
ఏదీ దాచుకోలేని నెల ఇది,
ఎలుగ్గొడ్డును ఎతకాలంటే ఇదే అదును అంటాడాయన.

నా భుజాన మత్తు తుపాకి.
సంచిలో సూదులు, పసుపురంగు మందు, తీగ కోసే కట్టరు.
పదకొండు రోజుల కిందట కెమెరాకి చిక్కింది:
ముందుకాలికి ఉచ్చు బిగిసిన ఆడ ఎలుగు,
రాత్రి రెండుంబావుకి, కుంటుకుంటూ.
పందుల కోసం ఎవడో కట్టిన క్లచ్చు వైరు.
"ఎవడో" అన్నాను జీపులో.
"ఎవురో" అన్నాడు గురవయ్య, బయటికి చూస్తూ.

తెల్లారేసరికి బండ మీద బోర్లా పడుకున్నాం.
నాకు బైనాక్యులర్స్. ఆయనకు కనుబొమల మీద అరచెయ్యి.
కనిపించిన ప్రతి నల్లరాయీ నాకు ఎలుగే.
ఏడో రాయి దగ్గర నవ్వాడు:
"కదిలేదాన్ని ఎతకొద్దు మ్మా.
నిన్న లేనిదాన్ని ఎతుకు."

నిన్న నేను చూస్తేగా.

ఇప్పచెట్టు కింద ఒక మసక
కూర్చుంది.
మూడు కాళ్ళ మీద లేచింది.

ఇక మాటల్లేవు.
బూరుగు కాయ చిదిమి ఒక పింజ వదిలాడు.
అది మా మొహాల మీదికే వచ్చింది.
ఎలుగుకి కన్ను సవతి కొడుకు, ముక్కు కడుపున పుట్టిన కొడుకు;
గాలి ఇటు వీచినంతసేపు మేము లేనట్టే.

నా బూట్లు విప్పించి లేసులు ముడేసి
నా మెడకే తగిలించాడు.
అది పుట్టలో మూతి పెట్టి
కొలిమి తిత్తిలా ఊదుతూ, పీలుస్తూ
తన చప్పుడుకి తానే చెవిటిదైనప్పుడు నడిచాం.
అది ఆగితే ఆగాం, ఎత్తిన కాలు ఎత్తినట్టే.
రెండొందల గజాలకి గంటన్నర.

ఒకసారి పింజ వెనక్కి తిరిగింది.
ఎలుగు నిటారుగా లేచి, తెల్లమూతి గాల్లోకి చాచి
నా సబ్బు వాసనను పొడి పొడిగా చదివింది.
అప్పుడు నేను
నిన్న లేని రాయిని.
రాళ్ళకి చెమట పట్టకూడదని అప్పుడే తెలిసింది.

గాలి మళ్ళీ మనసు మార్చుకుంది.

సూది తగిలాక పధ్నాలుగు నిమిషాలు.
కళ్ళకి గుడ్డ కప్పాం.
ఊపిరిలో ఇప్పపూల పులుపు, చెదల మట్టి.
తీగ చర్మం కింద ఎక్కడుందో తెలియడంలేదు,
చీముకి ముసిరిన ఈగల్ని బట్టి తప్ప.
నేను కట్టరు తీశాను.
గురవయ్య నా చెయ్యి పక్కకి జరిపాడు.

లాగలేదు.
లాగితే బిగిసే ముడి అది.
బొటనవేలితో తీగను లోపలికి తోశాడు,
గాయంలోకి, ఇంకొంచెం లోపలికి,
మూడు మెలికలు, ఒకటి ఎదురు,
అన్నం కలిపినంత అలవాటుగా.
ఉచ్చు దానంతటదే వదులై
ఆయన అరచేతిలోకి వచ్చి పడుకుంది.

నేను ఆయన వేళ్ళను చూశాను.
ఆయన ఎలుగు పాదం చూస్తున్నాడు.
ఇద్దరం మందు రాశాం.

మధ్యాహ్నానికి అది లేచి, తూలి,
మమ్మల్ని తిట్టినట్టు ఒకసారి గుర్రుమని
గుండ్ల సందున దూరిపోయింది.

దిగేటప్పుడు గురవయ్య
"ఒంటికి పోయొస్తా మ్మా" అని మూడుసార్లు ఆగాడు.
మొదట సెలగ దగ్గర, తర్వాత ఈతపొదల పక్కన,
చివర ఎవరిదో శెనక్కాయ చేను గట్టున.
వచ్చిన ప్రతిసారీ
పంచె మడతలో బొడ్డు దగ్గర కొంచెం ఉబ్బు.
నడుస్తుంటే సన్నగా ఇనుము చప్పుడు.
నీళ్ళసీసా అడిగితే ఇచ్చాను.

తిరుపతిలో ఆ రాత్రి కాగితం నింపాను.
జంతువు: ఎలుగు, ఆడ. వయసు: ఆరేడేళ్ళు.
తీగ స్వాధీనం చేసుకున్నారా అన్న గడి దగ్గర
పెన్ను చాలాసేపు ఆగింది,
ఎత్తిన కాలు ఎత్తినట్టే.

దొరకలేదు, అని రాశాను.